మంగలి కత్తి తోలు పట్టా: పాడైనదాన్ని మళ్లీ పనికి తెచ్చే పద్ధతి

మంగలి కత్తిని సానరాయి మీద నూరేది కొన్ని నెలలకోసారి. తోలు పట్టా మీద తిప్పేది మాత్రం ప్రతి గడ్డానికీ ముందు. అంటే కత్తి వాదర (పదునైన అంచు) ఎక్కువసార్లు తాకేది రాయిని కాదు, తోలునే. అయినా కత్తి మీద ఉండే శ్రద్ధ పట్టా మీద ఎవరికీ ఉండదు. అటక మీద నుంచి దించేసరికి అది ఎండిపోయి, దుమ్ము పట్టి, అక్కడక్కడా నాలుగు గాట్లతో ఉంటుంది. చూడగానే అందరికీ మొదట తోచేది ఒక్కటే, కాస్త నూనె రాద్దామని.

ముందు ఆ నూనె సీసా పక్కన పెట్టండి. ఎండి పాడైన పట్టాల కన్నా నూనె తాగించి పాడుచేసినవే ఎక్కువ కనబడతాయి. నూనె ఎక్కువైతే తోలు మెత్తబడుతుంది. మెత్తటి తోలు కత్తి బరువుకు కుంగి, కత్తి ముందుకు జరగగానే వెనక నుంచి పైకి లేస్తుంది. అలా లేచిన ప్రతిసారీ వాదరను రాసుకుంటూ లేస్తుంది కాబట్టి పదును పెరగడానికి బదులు అంచు గుండ్రబడుతుంది. ఎండిన పట్టాకు ఎప్పుడైనా నూనె పట్టించవచ్చు. తాగేసిన నూనెను పూర్తిగా బయటికి లాగడం ఎవరివల్లా కాదు. అందుకే ఈ పనిలో శుభ్రం చేయడం, చదును చేయడం, నునుపు తేవడం ముందు వస్తాయి. నూనె దాదాపు చివర్లో, అదీ చుక్కల లెక్కన.

ఇంకో మాట ముందే చెప్పాలి. మన సెలూన్లలో పట్టా కనబడక చాలా ఏళ్లయింది. సగం బ్లేడు విరిచి పిడిలో బిగించి, ఒక మనిషికి వాడి పారేసే పద్ధతి వచ్చాక దానితో పని లేకుండా పోయింది. అది మంచికే. తోలును మరిగించలేం, క్రిమిరహితం చేయలేం. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా సొంత కత్తితో, సొంత గడ్డం, ఇంట్లో గీసుకునేవాళ్ల కోసమే. పట్టాను ఇంకొకరితో పంచుకోవద్దు.

ముందు రోగం తేల్చుకోండి

పట్టాను కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో పెట్టి చూడండి. పై నుంచి పడే ట్యూబులైటు కింద గాట్లు కనబడవు. పక్క నుంచి వచ్చే వెలుతురులో సన్న గీత కూడా నీడ వేస్తుంది.

తర్వాత నెమ్మదిగా వంచండి. పైన సన్నటి ముడతలు లేచి, వదలగానే పోతే తోలు బతికే ఉన్నట్టు. పైపొర చిట్లి లోపలి పీచు బయటపడితే ఆ చోటు ఇక అతుక్కోదు. చిట్లినది పిడి దగ్గరో, కొక్కెం దగ్గరో అయితే ఫర్వాలేదు, కత్తి అక్కడిదాకా రాదు. మధ్యలో అయితే కొత్త తోలు గురించి ఆలోచించుకోవచ్చు.

వేలితో గట్టిగా రుద్దండి. ఇటుక రంగు పొడి వేలికి అంటుకుంటూ, ఎంత తుడిచినా మళ్లీ మళ్లీ రాలుతుంటే అది రెడ్ రాట్. గాలిలోని గంధకపు వాయువులు తోలులో చేరి ఆమ్లంగా మారి పీచును లోపల నుంచి తినేస్తాయి. పాత లైబ్రరీల్లో తోలు బైండింగు పుస్తకం తీయగానే చేతులకు ఎర్రగా అంటేది ఇదే. దీనికి మందు లేదు. నూనె రాస్తే పొడి కాస్తా ముదురు రంగు ముద్ద అవుతుంది, అంతే. అలాంటి పట్టా తాతగారిదైతే గోడకు తగిలించి దాచుకోండి, కత్తి మాత్రం దాని మీద పెట్టకండి.

కత్తి తగలని ఒక మూల చిన్న నీటి చుక్క వేసి చూడండి. నిమిషం లోపు ఇంకి ఆ చోటు ముదురు రంగుకు తిరిగితే తోలు పొడిగా ఉంది, పైన ఏ పూతా లేదు. చుక్క ఇంకకుండా అలాగే నిలబడితే నూనె, మైనం, పాలిష్‌లలో ఏదో ఒకటి పైన ఉంది. వాసన కూడా చూడండి. కనరు వాసన వస్తే ఎవరో వంటనూనె రాశారు. తడి మట్టి వాసన వస్తే ఎక్కడో బూజు ఉంది.

తడి చేసి పిండిన తెల్ల గుడ్డతో ఒకసారి తుడవండి. గుడ్డకు నలుపు అంటితే కంగారు పడక్కర్లేదు, చాలావరకు అది ఉక్కు రజను, మురికి కలిసినదే. ఆకుపచ్చ అంటితే దాని మీద క్రోమియం ఆక్సైడ్ పేస్టు, అంటే కత్తికి పదును తేవడానికి పట్టాకు పూసే సన్నటి రేణువుల ముద్ద, వాడారని అర్థం. ఎరుపు అంటితే ఐరన్ ఆక్సైడ్ పేస్టు కావచ్చు, తోలు రంగే వదులుతూ ఉండవచ్చు. వెనక వైపు కూడా తుడిచి చూడండి. రెండు వైపులా ఎరుపు వస్తే రంగే.

చివరగా ఒక స్టీలు స్కేలును పట్టా మీద అడ్డంగా నిలబెట్టి, స్కేలు కింద నుంచి వెలుతురు వస్తోందేమో చూడండి. అంచులు పైకి లేచి మధ్యలో గుంట పడిన పట్టా మీద కత్తికి రెండు కొనలే తగులుతాయి. పాత పట్టాల్లో గాట్ల కన్నా ఎక్కువగా ఉండే లోపం ఇదే, చాలామంది గమనించనిదీ ఇదే.

మీ దగ్గరున్నది ఏ తోలు?

పట్టా పక్క అంచు చూడండి. లోపలిదాకా గోధుమ రంగు ఉంటే చెట్ల బెరడుతో శుద్ధి చేసిన తోలు. మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు గీత కనబడితే క్రోమియం లవణాలతో శుద్ధి చేసినది. బూట్ల పై భాగానికి, చేతిసంచులకు వాడేది ఎక్కువగా రెండో రకం. అది సాగుతుంది, తడిపి చదును చేస్తే నిలవదు. కత్తి పట్టాకు మొదటిదే సరైనది. పాత పట్టాల్లో దాదాపు అన్నీ అవే.

దక్షిణ భారతంలో తోళ్ల శుద్ధికి తరతరాలుగా వాడింది తంగేడు బెరడు. బతుకమ్మలో పేర్చే తంగేడే, ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. ఆ బెరడు నానిన నీళ్లలో ఊరిన తోళ్లు మద్రాసు నుంచి ఈస్ట్ ఇండియా తోళ్ల పేరుతో విదేశాలకు పోయేవి. తంగేడు తోలుకు ఒక గుణం ఉంది. ఎండ తగిలితే ఎర్రబడుతుంది. అందుకని చివర్లో కరక్కాయ నీళ్లలో ఒక ముంపు వేసేవాళ్లు. పట్టా బాగుచేసేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఏమిటంటే, తంగేడు, వాటిల్ (ఒక రకం తుమ్మ) లాంటి బెరళ్లతో చేసిన తోళ్లకు పైన చెప్పిన ఎర్ర పొడి జబ్బు తొందరగా వస్తుంది. కాబట్టి మన ప్రాంతపు పాత తోలు చేతికొస్తే ఎర్ర పొడి పరీక్ష ఒకటికి రెండుసార్లు చేయండి, ఎండలో ఆరబెట్టాలనే ఆలోచన మానుకోండి.

గుర్రం తోలు పట్టా మీకు దొరికి ఉంటే, అందులోనూ కార్డొవాన్ అయితే, దాన్ని మామూలు తోలులా చూడకండి. అది గుర్రం తుంటి భాగంలో చర్మం లోపల ఉండే గట్టి పొర. దానికి వెంట్రుక వైపు ఉండే పైపొర ఉండదు. శుభ్రం చేయడం, గాజు సీసాతో రుద్దడం వరకే చాలు. ఉప్పు కాగితం జోలికి పోకపోవడం మేలు.

విడదీసి శుభ్రం చేయడం

స్క్రూలు, రింగులు, కొక్కేలు విప్పండి. వెనక గుడ్డ పట్టీ ఉంటే విడదీయండి. ఇత్తడి, ఇనుప సామాను విప్పకుండా తోలు తడిపితే చిలుము, తుప్పు తోలులోకి దిగుతాయి. తంగేడు తోలు, ఇనుము, తడి మూడూ కలిస్తే నల్లటి మచ్చ పడుతుంది, ఆ మచ్చ తేలిగ్గా పోదు.

మొదట పొడి బ్రష్షుతో, బూటు బ్రష్షు అయినా ఫర్వాలేదు కానీ పాలిష్ అంటనిది, నిలువునా దుమ్ము దులపండి. ఇక్కడ తొందర పడకూడదు. దుమ్ములో ఇసుక రేణువు ఉంటే, తడి గుడ్డ వేయగానే అది తోలులోకి గుచ్చుకుంటుంది.

బూజు ఉంటే ఆరుబయటకు తీసుకెళ్లి, ముక్కుకు మాస్కు కట్టుకుని, పొడి గుడ్డతో తుడవండి. తర్వాత మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా దూదికి అద్ది, బూజు ఉన్నంత మేరా ఒకసారి తుడిచి వదిలేయండి. ఎక్కువ పూస్తే తోలులో ఉన్న కొవ్వునూ అది లాగేస్తుంది. మంటకు దూరంగా ఉండి చేయాలని వేరే చెప్పక్కర్లేదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉండేవాళ్లకు ఈ పని ప్రతి వానాకాలం తర్వాత తప్పకపోవచ్చు.

పైన నూనె తేలుతుంటే మొక్కజొన్న పిండి గానీ ముల్తానీ మట్టి గానీ పొడిగా, దళసరిగా చల్లి ఒక రాత్రి ఉంచండి. పొద్దునకు పిండి జిడ్డుగా గడ్డకడితే దులిపి మళ్లీ చల్లండి. పిండి పొడిగానే మిగిలేదాకా ఇలా చేయాలి. లోపలి నూనె మొత్తం పోదు కానీ పైపైన జారుడు పోతుంది. కత్తికి కావలసింది అదే.

ఇప్పుడు సబ్బు. బట్టల సబ్బు, డిటర్జెంటు, గిన్నెలు తోమే ద్రవం వద్దు. శుద్ధి చేసిన తోలు స్వభావం కొద్దిగా పులుపు వైపు ఉంటుంది. ఘాటైన క్షారం తగిలితే నల్లబడి, ఆరాక బిరుసెక్కుతుంది. గుర్రపు జీనులకు వాడే శాడిల్ సోప్ దొరికితే సరే, లేకపోతే గడ్డం గీసుకునే షేవింగ్ సోప్ చాలు. బ్రష్షులో నీళ్లు బాగా విదిలించి, బిగువుగా ఉండే నురగ చేయండి. నీళ్లోడే నురగ పనికిరాదు. ఆ నురగను తోలు మీద పట్టించి చేత్తో గుండ్రంగా రుద్ది, వెంటనే తడి పిండిన గుడ్డతో తుడిచేయండి. గుడ్డకు మురికి రావడం తగ్గేదాకా చేసి ఆపండి. పూర్తిగా తెల్లగా వచ్చేదాకా చేయాలనుకుంటే అంతు ఉండదు, తోలుకు తనదంటూ ఒక రంగు ఉంది. కుళాయి కింద పెట్టడం, బకెట్లో నానబెట్టడం లాంటివి అసలు వద్దు.

చదును

తోలు ఇంకా చెమ్మగా ఉండగానే ఈ పని చేయాలి. అందుకే శుభ్రం చేసే రోజే బల్ల, బరువులు సిద్ధంగా పెట్టుకోండి. పట్టా కన్నా వెడల్పున్న రెండు చదునైన పలకలు కావాలి. ప్లైవుడ్ ముక్కలు చాలు, వంకర ఉంటే మాత్రం పనికిరావు. కింద పలక, దాని మీద తెల్ల నూలు గుడ్డ, పట్టా, మళ్లీ గుడ్డ, పై పలక, ఆపైన ఇటుకలో పుస్తకాలో. న్యూస్‌పేపరు వేయకండి, సిరా అంటుతుంది. పూటకోసారి గుడ్డలు మార్చండి. తోలు మందాన్ని బట్టి రెండు మూడు రోజులు పడుతుంది. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలినంతసేపూ లోపల తడి ఉన్నట్టే.

అంచులు బాగా లేచి ఉంటే బరువు పెట్టే ముందు వెనక వైపు, అంటే గరుకు వైపు, కొంచెం ఎక్కువ తడి చేసి అప్పడాల కర్రతో నిలువునా ఒత్తండి. అడ్డంగా ఒత్తితే అంచులు సాగి ఊగులాడతాయి.

హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీ పెట్టె, ఎండ మూడూ నిషిద్ధం. తడి తోలుకు వేడి తగిలితే పీచు ముడుచుకుపోతుంది, అది మళ్లీ సాగదు. నీడలో, గాలి ఆడేచోట, దానంతట అది ఆరాలి.

చెక్కకు అంటించిన పట్టా అయితే కథ వేరు. దాన్ని తడపకూడదు, జిగురు ఊడుతుంది, చెక్క వంకర పోతుంది. తోలు అక్కడక్కడా ఉబ్బి ఉంటే పూర్తిగా ఊడదీసి, చెక్క మీది పాత జిగురు గీకి, గాజు పలక మీద 120 నంబరు ఉప్పు కాగితం పరిచి చెక్కను దాని మీద అరగదీయండి. చెక్క చదునైతేనే తోలు చదును. చెప్పులు కుట్టేవాళ్లు వాడే సొల్యూషన్ రెండు వైపులా పల్చగా పూసి, చేతికి అంటనంతగా ఆరాక అంటించి, మధ్య నుంచి అంచులకు ఒత్తుకుంటూ రండి.

గాట్లు

పట్టా మీది గాట్లన్నీ దాదాపు ఒకేలా పుడతాయి. కత్తిని వెనక్కి తిప్పేటప్పుడు వెన్ను ఆధారంగా తిప్పకుండా తొందరపడి వాదర మీద తిప్పితే తోలు తెగుతుంది. అందుకే గాటు చాలాసార్లు రెండు కొనల దగ్గర, కత్తి తిరిగే చోట, ఒక పక్కకు వాలి ఉంటుంది. ఒక వైపు పల్చటి పెదవి లేచి ఉంటుంది. వేలిని ఒక దిశలో జరిపితే తెలియదు, ఎదురు దిశలో జరిపితే గీరుకుంటుంది. ఆ పెదవే అసలు సమస్య. లోతుగా ఉన్నా పైకి ఏదీ లేవని గాటు కత్తికి హాని చేయదు. కంటికి కనబడని పెదవి మాత్రం వాదరకు ప్రతిసారీ తగులుతుంది.

పెదవి పల్చగా ఉంటే 400 నంబరు ఉప్పు కాగితాన్ని చిన్న చెక్క ముక్కకు చుట్టి, పెదవి వాలిన దిశలోనే తేలిగ్గా రుద్దితే పోతుంది. వేలి కింద కాగితం పెట్టి రుద్దకండి, అక్కడ గుంట పడుతుంది. పెదవి మందంగా, వేలితో ఎత్తగలిగేలా ఉంటే కోయకుండా అంటించడం మంచిది. పుల్లతో పెదవిని కొంచెం ఎత్తి, పంటి పుల్ల కొనతో సొల్యూషన్ ఆవగింజంత లోపలికి నెట్టండి. రెండో వైపుకూ అంటేలా పుల్లను తిప్పి, కొన్ని నిమిషాలు ఆరనిచ్చి మూసేయండి. బయటికి పొంగిన జిగురును అప్పుడే తుడవకండి, తోలు మీద పులుముకుంటుంది. బాగా ఆరాక వేలితో దొర్లిస్తే ఉండలుగా వచ్చేస్తుంది. పైన పార్చ్‌మెంట్ కాగితం (కేకుల కింద వేసే అంటుకోని కాగితం) పెట్టి, బరువు ఉంచి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు 400తో మొదలుపెట్టి 600తో ముగించండి. సూపర్ గ్లూ వాడొద్దు. ఆరాక అది తోలు కన్నా గట్టిగా నిలబడి కత్తికి తగులుతుంది.

గాట్లు అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోపే ఉంటే స్టీలు స్కేలు పెట్టి రెండు వైపులా సమానంగా కోసేయడమే తేలిక. పట్టా కాస్త సన్నబడుతుంది, ఏం కాదు.

పట్టా పొడవునా గరుకుగా ఉంటే, లేదా పైన పాత పాలిష్ పొర గట్టిగా ఉంటే అప్పుడే మొత్తం అరగదీయాలి. పట్టాను బల్ల మీద బిగించి, పెద్ద చెక్క ముక్కకు 320 కాగితం చుట్టి, నిలువునా ఒకే ఒత్తిడితో రుద్దండి. తర్వాత 600, చివర 1000. పైపొర ఉన్న తోలుకు ఆ పొరే బలం, కాబట్టి ఎంత తక్కువ తీస్తే అంత మంచిది. అద్దంలా మెరవాలనే కోరిక ఇక్కడ వదిలేయండి. మెరుపు కంటికి బాగుంటుంది కానీ కత్తికి దానితో పని లేదు.

ఉప్పు కాగితం పని అయ్యాక చేసే పని చాలా ముఖ్యమైనది, చాలామంది దాటేసేదీ ఇదే. కాగితం నుంచి రాలిన రేణువులు తోలులో ఇరుక్కుని ఉంటాయి. వాటిని మొదట వాక్యూమ్ క్లీనరు ఉంటే దానితో, లేకపోతే గట్టి బ్రష్షుతో, ఆ తర్వాత తడి పిండిన గుడ్డతో, మళ్లీ ఆరాక బ్రష్షుతో తీయాలి. ఇంత పట్టుదల ఎందుకంటే, 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక సంగతి చూపించారు. ఉక్కు కన్నా 50 రెట్లు మెత్తనైన వెంట్రుక కూడా, ఒక కోణంలో వంగి తగిలితే, బ్లేడు అంచును చిట్లగొట్టగలదు. వెంట్రుకకే ఆ శక్తి ఉంటే ఉక్కును కోసే సిలికాన్ కార్బైడ్ రేణువు ఒక్కటి తోలులో మిగిలినా ఏమవుతుందో ఊహించుకోండి.

అరగదీసిన తోలుకు నునుపు తేవడానికి అమెరికా మంగలి స్కూళ్లలో పాతకాలంలో నేర్పిన పద్ధతి ఇప్పటికీ పని చేస్తుంది. ప్యూమిస్ అనే తేలికైన గరుకు రాయితో పొడిగా రుద్ది, దులిపి, బిగువైన షేవింగ్ నురగను తోలులోకి చేత్తో ఎక్కించి, గుండ్రటి గాజు సీసాతో పొడవునా ఒత్తుతూ రుద్దుతారు. ఉప్పు కాగితం వాడినవాళ్లకు ప్యూమిస్ అక్కర్లేదు, నురగ, సీసా చాలు. సీసా మీద అతుకు గీత, అక్షరాలు లేకుండా చూసుకోండి. పది నిమిషాలు రుద్దేసరికి తోలు రంగు ఒక్క ఛాయ ముదిరి, పీచు పడుకుంటుంది.

ఇప్పుడు నూనె

తోలు పూర్తిగా ఆరాక, కనీసం ఒక రోజు ఆగాక. పశువుల కాలి ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ ఆయిల్ దీనికి అలవాటైన నూనె. గుర్రపు జీనుల సామాను అమ్మేచోట, ఆన్‌లైన్లో దొరుకుతుంది. సీసా మీద ప్యూర్ అని ఉండాలి. కాంపౌండ్ అని ఉంటే అందులో పెట్రోలియం నూనెలు కలిసి ఉంటాయి. పశువుల నూనె వద్దనుకునేవాళ్లు గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ అతి కొద్దిగా వాడవచ్చు. అదీ వద్దంటే నురగ, అరచేయి రెండే చాలు. కొంచెం ఆలస్యంగా అయినా పని అవుతుంది.

కొబ్బరినూనె గురించి అందరూ అడుగుతారు. తొందరగా కనరెక్కదన్న మాట నిజమే కానీ 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే నూనె అది. చలికాలం పొద్దున పట్టా మీద తెల్లగా పేరుకుంటుంది, మధ్యాహ్నానికి కరిగి జారుతుంది. నువ్వుల నూనె, ఆవనూనె, పొద్దుతిరుగుడు నూనె గాలి తగిలి నెమ్మదిగా జిగటగా మారతాయి, వాసన కొడతాయి. ఆలివ్ నూనె కూడా అంతే. బూటు పాలిష్‌లో మైనం, రంగు ఉంటాయి, సిలికాన్ స్ప్రేలు జారుడు తెస్తాయి. ఏదీ వద్దు. మింక్ ఆయిల్ బూట్లకు మంచిదే, కానీ తోలును మరీ మెత్తబరుస్తుంది.

రాసే పద్ధతి ఇదీ. అరచేతిలో నాలుగైదు చుక్కలు వేసుకుని రెండు చేతులూ రుద్దుకోండి. చేతులు తడిగా కాదు, జిడ్డుగా అనిపించాలి. అప్పుడు పట్టా ముందు వైపు పై నుంచి కింది దాకా రుద్దండి. నేరుగా తోలు మీద చుక్క వేస్తే ఆ చోటే తాగి మచ్చ పడుతుంది. ఒక రోజు వదిలేయండి. మర్నాడు వంచి చూడండి. బిరుసు ఇంకా ఉంటే మళ్లీ నాలుగు చుక్కలు, ఈసారి వెనక వైపు. బాగా ఎండిన పట్టాకు ఇలా మూడు నాలుగు విడతలు పట్టవచ్చు. ఒక్కో విడతకు మధ్య రోజు గడవాల్సిందే, నూనె తోలు మందంలోకి దిగడానికి ఆ టైమ్ కావాలి. పైన పొడిగా కనబడిందని అదే రోజు రెండోసారి రాస్తే, మర్నాటికి రెండూ కలిసి ఎక్కువవుతాయి.

ఎక్కడ ఆపాలి? పట్టా వంచితే వంగాలి, వదిలితే తిరిగి లేవాలి. తడి గుడ్డలా వేలాడితే దాటిపోయినట్టే. అప్పుడు మళ్లీ ముల్తానీ మట్టే దిక్కు.

అరచేయి

ఇక మిగిలింది ఓపిక. ప్రతిరోజూ, చేతులు సబ్బుతో కడుక్కుని బాగా ఆరాక, పట్టాను బిగించి పట్టుకుని అరచేత్తో పై నుంచి కిందికి గట్టిగా రుద్దండి. చేయి వేడెక్కాలి. చేతి జిడ్డు, వేడి, ఒత్తిడి మూడూ కలిసి తోలుకు ఇచ్చే పనితనం ఏ సీసాలోనూ దొరకదు. అరచేతి మీదే కత్తి తిప్పి గడ్డం గీసే పాతకాలం మంగలులకు ఈ సంగతి వేరే చెప్పాల్సిన పనిలేదు.

వారం పది రోజులకు తేడా తెలుస్తుంది. కత్తి జరిపితే తోలు కొద్దిగా పట్టి వదులుతున్నట్టు ఉండాలి. ఐసు మీదలా జారిపోతే పైన ఇంకా పాలిష్ పొరో మైనమో ఉంది. బరబరా లాగితే పీచు ఇంకా లేచి ఉంది, గాజు సీసా పని మరోసారి చేయండి. ఎంత పట్టు ఉండాలన్నది మనిషిని బట్టి మారుతుంది. నాకైతే తక్కువ పట్టు ఉన్న తోలే ఇష్టం, చేయి వణికినా కత్తి అదరదు.

వెనక గుడ్డ పట్టీ, పేస్టు సంగతి

గుడ్డ పట్టీని షేవింగ్ సోప్‌తోనే ఉతికి, బాగా జాడించి, లాగి పెట్టి ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. దానిలోకి పేస్టు ఎక్కి ఉంటే ఉతికి లాభం లేదు, మార్చేయండి. దళసరి నూలు కాన్వాస్ మంచిది, పాత జీన్స్ గుడ్డా పనికొస్తుంది. అంచులు మడిచి కుట్టిస్తే పోగులు ఊడవు.

తోలుకు పేస్టు పట్టి ఉందని మొదట్లో తేలితే రెండే దారులు. 320తో పైపొర తీసి, రేణువులు పోయేదాకా శుభ్రం చేయడం ఒకటి. లేదా దాన్ని పేస్టు పట్టాగానే ఉంచుకుని, మామూలు తోలు ఇంకొకటి చూసుకోవడం. నేనైతే రెండోదే చేయమంటాను. క్రోమియం ఆక్సైడ్ రేణువు సుమారు అర మైక్రాన్, అంటే మిల్లీమీటరులో రెండు వేల వంతు. అంత చిన్నది పీచులోకి దిగాక పూర్తిగా వచ్చిందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా పేస్టు పట్టాతో నెలకోసారో రెండు నెలలకోసారో పని పడుతూనే ఉంటుంది. రెండూ ఒకే డబ్బాలో మాత్రం పెట్టకండి.

బిగించి చూడటం

కొక్కేలు బిగించి, గోడకు గట్టి మేకు చూసి తగిలించండి. మంచి కత్తితో మొదలుపెట్టొద్దు. మొండి కత్తి ఉంటే దానితో, లేకపోతే వెన్న రాసే కత్తి వెన్నుతో నాలుగుసార్లు జరిపి ఎక్కడైనా తట్టుకుంటోందేమో చెవితో, చేతితో గమనించండి. శబ్దం ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒకేలా ఉండాలి. మధ్యలో మారితే అక్కడ ఏదో ఉంది.

తర్వాత అసలు కత్తి. పట్టాను బిగుతుగా లాగి పట్టుకోండి, వదులుగా ఉంటే ఇప్పటిదాకా చేసిన చదును అంతా వృథా. కత్తి వెన్ను, వాదర రెండూ తోలుకు ఆని ఉండాలి, వెన్ను ముందు నడవాలి. చివరికి రాగానే వెన్ను మీదే తిప్పాలి. బరువు కత్తిదే చాలు, మీది కలపకండి. గుడ్డ మీద ఇరవై, తోలు మీద నలభై యాభై సార్లు మామూలు లెక్క. కత్తి పొడవు కన్నా పట్టా సన్నంగా ఉంటే, మడమ (వాదర పిడి వైపు చివర) నుంచి కొనదాకా అంతా తగిలేలా కత్తిని ఏటవాలుగా జరుపుతూ రావాలి.

దాచడం

వేలాడదీయండి, చుట్టి పెట్టకండి. బాత్‌రూమ్‌లో ఉంచకండి, రోజూ స్నానం ఆవిరి తగులుతుంది. ఏసీ గాలి నేరుగా తగిలేచోటూ, పడమటి ఎండ పడే గోడా వద్దు. ఏప్రిల్, మే ఎండల్లో హైదరాబాదులో, రాయలసీమలో నెలకోసారి రెండు చుక్కలు అరచేతికి రాసుకుని రుద్దండి. వానాకాలంలో నూనె అసలు అక్కర్లేదు, పొడి గుడ్డతో తుడవడం చాలు. గడ్డం గీసుకున్నాక తడి కత్తిని ఆరబెట్టకుండా పట్టా మీద పెట్టొద్దు.

ఇంత చేసినా మధ్యలో చిట్లిన తోలుతో మిగిలిపోతే కొత్తది కొనుక్కోవడమే. చెన్నై పెరియమేట్ తోళ్ల దుకాణాల్లో బెరడుతో శుద్ధి చేసిన, రంగు వేయని తోలు అడగండి. మూడు అంగుళాల వెడల్పు, రెండడుగుల పొడవు, మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మందం. వీపు భాగం నుంచి కోయించుకోవాలి, పొట్ట తోలు సాగుతుంది. పాత పట్టా కొక్కేలు దాచి ఉంచితే దీనికి సరిపోతాయి.